మాటల్లేని నవల

గోపాలరావు పుస్తకాన్ని బల్లమీద టప్పున పడేశాడు.

"ముప్ఫయ్యేళ్లు నెత్తిన పెట్టుకున్నానండీ శేషాద్రిగారిని. ఇదా ఆయన రాయాల్సింది!"

పారమట్టా లైబ్రరీ గదిలో అందరూ తలలూపారు.

ఆ పరాయి దేశపు ఊళ్లోని తెలుగు చదువరులు అక్కడ నెలకోసారి కలుస్తారు. ఇండియా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో, పచ్చళ్ల పొట్లాల మధ్య ఒక్క కాపీ వస్తుంది. అదే ఇంటింటికీ తిరుగుతుంది. నచ్చితే ఆ రచయిత తర్వాతి పుస్తకానికి మళ్లీ సూట్‌కేసులో చోటు. నచ్చకపోతే ఆ చోటు గోంగూరకి.

ఈసారి శేషాద్రి కొత్త నవల. రాబోయే కాలంలో ఒక నగరం. అక్కడ మాట్లాడితే నేరం.

"కాన్సెప్ట్ సూపర్ అంకుల్," అన్నాడు రిషి. "బట్ లిటరల్లీ ఎవడూ నోరు విప్పడు. ట్రైన్‌లో చదువుతూ నిద్రపోయి, దిగాల్సిన స్టేషన్ దాటి బ్లాక్‌టౌన్ దాకా వెళ్లిపోయా."

వెనక కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఫక్కున నవ్వింది.

నేత చీర, కాళ్లకి స్నీకర్లు, భుజాన స్వెటర్. ఆవిడ లిఖిత వాళ్లమ్మ అనుకుని తేజస్విని చాయ్ అందించింది. తేజస్విని అత్తగారనుకుని లిఖిత సమోసా పెట్టింది. ఈ దేశంలో చీర కట్టిన పెద్దావిడ కనిపిస్తే ఎవరో ఒకరి అమ్మే అయి ఉంటుంది. ఆంటీ అంటే సరి, ఇంక పేరుతో పనేముంది?

"ఇక్కడే ఉండిపోతారా ఆంటీ?" అడిగింది తేజస్విని.

"వీసా పొడిగించుకోమంటోంది మా అమ్మాయి. ఆయనేమో ఊళ్లో ఒక్కరే ఉన్నారు. నేను కోపమొచ్చి వచ్చేశాన్లే. వెళ్లాలో ఉండాలో ఈ వారంలో తేల్చుకోవాలి."

"హాయిగా ఉండిపోండాంటీ! కోపం తెప్పించినాయన్నే వండుకు తిననీండి."

"నేనూ అదే అనుకుంటున్నా," అందావిడ.

లిఖిత అప్పటికే శేషాద్రి పాత నవలల్లోకి వెళ్లిపోయింది.

"వాటిల్లో ఆడవాళ్లు ఎలా మాట్లాడతారసలు! ఆడపడుచు మరదల్ని దెప్పుతుంది చూడండి, 'నీ పులుసులో ఉప్పు లేదు, నీ మాటలో పులుపు లేదు, నిన్నెవరు కట్టుకున్నారే తల్లీ!' అని. నాకు నోటికొచ్చు."

"'మీ తమ్ముడే కట్టుకున్నాడు వదినా, ఆయనకి రుచీ పచీ తెలీదు కనక!'" అంది ఆంటీ ఠక్కున.

గది గొల్లుమంది.

"అది పుస్తకంలో లేదమ్మా," అన్నాడు గోపాలరావు కళ్లు తుడుచుకుంటూ. "ఉండాల్సింది!"

"లేదూ? అలాగా," అని ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఈ కొత్తది నేను చదవలేదు నాయనా. చదవబుద్ధి కాలేదు. ఒక్క సంగతి చెప్పండి. ఆ ఊళ్లో ఆ కథానాయకుడు సుఖంగా ఉన్నాడా?"

ఎవరూ అడగని ప్రశ్న అది.

"లేదాంటీ," అంది లిఖిత. "మొదట్లో హమ్మయ్య, గోల లేదు అనుకుంటాడు. తర్వాత ఇంట్లో చప్పుడే లేదని రోజూ వంటింట్లో కుళాయి తిప్పి వదిలేస్తాడు. ఎదురుగా కూర్చుని వింటుంటాడు. బుక్ మొత్తంలో నాకు ఏడుపొచ్చింది అక్కడొక్కచోటే."

"కుళాయి తిప్పుతాడా!"

"యా ఆంటీ, వాటర్ బిల్ ఎవడు కడతాడో మరి!" అన్నాడు రిషి.

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు.

"సరే, తేల్చండి," అన్నాడు గోపాలరావు. "శేషాద్రిగారి తర్వాతి పుస్తకానికి చోటిద్దామా?"

లిఖిత చెయ్యి సగం లేచి దిగిపోయింది. మిగతావాళ్లవి అసలు లేవలేదు.

"ఇంకొక్కసారి చూడకూడదా నాయనా?" అంది ఆంటీ. ఆవిడ గొంతు బతిమాలుతున్నట్టుంది.

"మనుషుల్ని మాట్లాడించడం మర్చిపోయాడమ్మా ఆయన. ఇంక ఏం చూసి చదవమంటారు? ఆ మనుషులు మళ్లీ మాట్లాడితే, అప్పుడు తలమీద పెట్టుకుని తెచ్చుకుంటాం."

ఆవిడ బల్లమీది పుస్తకం అందుకుంది. తర్వాత లేచి స్వెటర్ తొడుక్కుంది.

"అయితే నేను ఊరెళ్లిపోతాను. తేల్చేసుకున్నాను."

పుస్తకానికీ ఊరెళ్లడానికీ సంబంధం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. పెద్దవాళ్ల ఆలోచనలు అలాగే ఉంటాయిలే అనుకున్నారు. చదివి పంపిస్తానని పుస్తకం చంకన పెట్టుకుని ఆవిడ వెళ్లిపోయింది.

తర్వాతి నెల సమావేశం చప్పగా మొదలైంది.

"మీ అమ్మగారేరీ?" లిఖితని అడిగింది తేజస్విని.

"మా అమ్మేంటి? మీ అత్తగారు కదా!"

"మా అత్తగారు గుంటూరు దాటి రాలేదు!"

ఇద్దరూ రిషి వంక చూశారు. రిషి రెండు చేతులూ ఎత్తేశాడు.

అంతలో ఆసుపత్రి యూనిఫాంలో ఒకామె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"నా పేరు ఉదయశ్రీ. అమ్మ ఈ బుక్ మీకు ఇచ్చేయమంది. తను లాస్ట్ వీక్ విజయనగరం వెళ్లిపోయింది."

"అయ్యో, వెళ్లిపోయారా!" అన్నాడు గోపాలరావు. "ఆవిడ కోసమే చూస్తున్నామమ్మా. సిగ్గుచేటు, పేరన్నా అడగలేదు."

"సత్యభామ అంకుల్. శేషాద్రిగారి వైఫ్."

గోపాలరావు లేచి నిలబడిపోయాడు.

"ఆవిడ ముందా మేం ఆయన్ని అన్నేసి మాటలన్నది! ఎంత బాధపడ్డారో!"

"బాధా? తెగ నవ్వుకుంది. 'నీ వాగుడుతో నా రాత సాగడం లేదు' అని నాన్న విసుక్కున్నారని ఇక్కడికి వచ్చేసిందంకుల్. ఆ పాత నవలల్లో మనుషులు మాట్లాడినవన్నీ, వంటింట్లో అమ్మ వాగుతుంటే గుమ్మంలో కూర్చుని నాన్న రాసుకున్నవే."