బెంచీ మీది పేరు

"మా ఆవిడ పేరు పెట్టుకోడానికి మీకెవరిచ్చారు అధికారం?"

గోడ మీది పోస్టరు చింపి చేత్తో పట్టుకుని పబ్బులో వేదిక ముందు నిలబడ్డాడు ఆర్నాల్డ్ పికరింగ్. డెబ్భై దాటిన మనిషి. కోటు మీద పొగమంచు తడి ఇంకా ఆరలేదు. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో 'మేవిస్ పికరింగ్' అని ఉంది. దాని కింద, కొత్త రాక్ బ్యాండ్, తొలి కచేరీ, శనివారం సాయంత్రం.

ఆ శనివారం ఇదే. జనం బీరు గ్లాసులతో బల్లల దగ్గర సర్దుకుంటున్నారు. గిటారు శ్రుతి చేసుకుంటున్న హెస్టర్ గబుక్కున లేచింది. బ్యాండులో పాటలు రాసేదీ పాడేదీ ఆ పిల్లే.

"కోప్పడకండి పికరింగ్ గారూ. ఆ పేరు మాకు సముద్రం ఒడ్డున బెంచీ మీద దొరికింది."

ఒడ్డున ఉన్న బెంచీలన్నీ పోయినవాళ్ళ పేర్ల మీదే ఉంటాయి. ఇంట్లోవాళ్ళు వేయిస్తారు. వీపు ఆనించేచోట చిన్న ఇత్తడి రేకు, దాని మీద పేరు, పక్కన ఒక మంచి మాట. బతికున్నవాళ్ళం కాళ్ళు నొప్పి పుడితే వెళ్ళి వాళ్ళ ఒళ్ళోనే కూర్చుంటాం. మేవిస్ రేకు మీద 'ఈ సముద్రమంటే ఆమెకు ప్రాణం' అని రాసి ఉంటుంది.

"దొరికితే పెట్టేసుకోవడమేనా? లోకంలో పేర్లే కరువయ్యాయా?"

"కరువేనండీ," అన్నాడు డ్రమ్ముల వెనకనుంచి కలమ్. "బాగున్నవన్నీ ఎవరో ఒకరు ముందే పెట్టేసుకున్నారు. ఏడాదిగా వెతుకుతున్నాం. మందుసీసాలూ బస్సు బోర్డులూ అన్నీ చదివేశాం. నేను 'తడిసిన దుప్పటి' అంటే వీళ్ళు ఒప్పుకోలేదు."

"నువ్వు కాసేపు నోరు మూసుకోరా," అని హెస్టర్ వేదిక దిగి ముసలాయన దగ్గరికొచ్చింది. "పాటలన్నీ ఆ బెంచీ మీదే రాశానండీ. మంచు కమ్మితే సముద్రం కనపడదు, చప్పుడొక్కటే వినిపిస్తుంది. అప్పుడు ఆవిడ నా పక్కనే కూర్చున్నట్టుండేది. పాట బాగుంటే దగ్గరికి జరిగేది. బాగోకపోతే అటు తిరిగి కూర్చునేది. ఇప్పుడు పేరు తీసేస్తే ఈ పాటలు ఎవరివో నాకే తెలీదు."

ముసలాయన చేతిలోని పోస్టరు వంక చూసుకున్నాడు.

"ఈ కాగితాలు ఇంకా ఎక్కడెక్కడ అంటించారమ్మా?"

"ఊరంతా. సముద్రపు పాయ అవతలి ఒడ్డున పడవల రేవు దగ్గర కూడా."

ఆయన దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. "తీసెయ్యండి. కావాలంటే నా పేరు పెట్టుకోండి, మా పిల్లి పేరు పెట్టుకోండి. ఆవిడ పేరు మాత్రం వద్దు."

పబ్బు నడిపే బెరిల్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పిల్లల వంక ఉరిమి చూసింది.

"తొమ్మిదేళ్ళుగా ఒంటికాయ సొంఠికొమ్ములా బతుకుతున్నాడీ మనిషి. పాపం, ఆవిడ వాళ్ళ చెల్లెలి ఊళ్ళో పోయింది. మాకెవరికీ కడసారి చూపు కూడా దక్కలేదు. అప్పట్నించీ ఆదివారం వచ్చిందంటే ఊరు ఊరంతా వంతులేసుకుని ఈయనకి భోజనం పెడుతోంది. ఆయన్ని ఏడిపించి మీరు పాడేదేముంది?"

హెస్టర్ మళ్ళీ వేదిక ఎక్కింది. పెద్ద డ్రమ్ము మీద అంటించిన అక్షరాలను గోటితో ఒక్కొక్కటే పీకేసింది. పీకుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. కన్నబిడ్డకి పెట్టిన పేరు తీసేసినా అంత ఏడవదేమో.

పేరు లేకుండానే మొదటి పాట ఎత్తుకున్నారు. బయట వేసవి వెలుతురు ఇంకా ఉంది కానీ, మంచు కిటికీలకు ఆనుకుని లోపలికి తొంగిచూస్తోంది. గిటారు మెల్లిగా మోగుతుంటే గోడలు కొంచెం వెనక్కి జరిగినట్టూ, పబ్బు మొత్తం ఒడ్డు వదిలేసి నీళ్ళమీద తేలుతున్నట్టూ అనిపించింది. ఎవరూ గ్లాసు ఎత్తలేదు. పాట ఎప్పుడు అయిపోయిందో కూడా చాలామందికి తెలియలేదు. ఆ పిల్ల గొంతులో ఉన్నది దిగులో హాయో నేనైతే చెప్పలేను.

"మీ పేరేంటమ్మా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

హెస్టర్ మైకు దగ్గరికి వంగింది. "మాకు పేరు లేదండీ. ఇందాకటిదాకా ఉన్నది ఒక పెద్దావిడ పేరు. తెలియక తీసుకున్నాం, తిరిగిచ్చేశాం. ఆవిడ ఆత్మశాంతికి ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం."

"వద్దమ్మా, అంత పని వద్దు," అన్నాడు ఆర్నాల్డ్ గాభరాగా.

"నువ్వు ఊరుకో ఆర్నాల్డ్," అంది బెరిల్, కళ్ళొత్తుకుంటూ. "ఆ మాత్రం మర్యాద మాకు తెలుసు."

అందరూ లేచారు. టోపీలు తీశారు, తలలు దించారు. ఆర్నాల్డ్ కూడా లేచి నిలబడ్డాడు. ఆయన కన్నీళ్ళు మాత్రం నిజమైనవే, చుబుకం మీదనుంచి కోటు మీదికి జారుతున్నాయి. లోపల ఊపిరి చప్పుడు కూడా లేదు. దూరంగా సముద్రం ఒక్కటే తన మాట తాను చెప్పుకుంటోంది.

వీధి తలుపు తెరుచుకుంది. మంచు తెరలా లోపలికి వచ్చింది. మౌనం మధ్యలో తల ఎత్తడం తప్పు కాబట్టి ఎవరూ అటు చూడలేదు.

తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ, చేతిలో అలాంటి పోస్టరే పట్టుకుని ఒక ముసలావిడ నిలబడ్డ జనం మధ్యనుంచి నెమ్మదిగా నడిచొచ్చి, ఏడుస్తున్న ముసలాయన ఎదురుగా ఆగి అడిగింది.

"ఆర్నాల్డ్, నేను ఎప్పుడు చచ్చిపోయాను?"