జనపనార ముడి

ముడి మళ్లీ జారిపోయింది. కాలేజీలో శరీరధర్మశాస్త్రం బోధించి రిటైరైన వసుంధర, పక్షవాతం వచ్చిన తన కుడిచేతిని పరీక్ష తప్పిన విద్యార్థిని చూసినట్టు చూసింది.

"నెలలోగా ఈ వేళ్లు స్వాధీనంలోకి రాకపోతే ఇక కలం పట్టలేనన్నాడు డాక్టరు. అయినా భయం లేదు లక్ష్మణమ్మా. ఏ పనైనా పదేపదే చేస్తే మెదడులో నరాల తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర మందమవుతుంది. అప్పుడు కబురు వేగంగా..."

"నిన్నా ఇదే సెప్పినారు మేడమ్ గోరూ," అంది లక్ష్మణమ్మ. నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్లు తెగిన దారాలు ముడేసిన మనిషి; ఇప్పుడు వసుంధర వేళ్లకు కసరత్తుగా ఆ ముడి నేర్పడానికి రోజూ వస్తోంది. మాట్లాడుతూనే, చూడకుండా మూడు ముడులు వేసేసింది.

"చూశావా! నీ చేతికి ఆ పొర పట్టింది. కారణం ముప్ఫై ఏళ్ల అనుభవం."

"మరి తవరు ముప్ఫై ఏళ్లూ ఏటి సేసినారు?"

"పాఠం చెప్పాను."

"అదే మరి! పొద్దున్నుంచీ తవరేసినవి నాలుగు ముడులు, సెప్పినవి నలభై పాఠాలు. ఆ పొరేదో నాలిక్కే పడతన్నాది. సేతికేటి మిగుల్తాది?"

ఖండించడానికి వసుంధర నోరు తెరిచింది. తర్కంలో ఎక్కడా లోపం దొరకలేదు. ఏటేటా క్లాసులో బోర్డు మీద గీసిన ఆ నరం బొమ్మకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ తనకెన్నడూ దొరకలేదు. అది తనే కావడం ఒక్కటే ఇబ్బంది.

నోరు మూసుకుని దారం అందుకుంది. పదిహేనోసారికి ముడి వంకరగా బిగిసింది. లాగితే ఊడలేదు.

"ఇది ఎందుకు నిలిచిందంటే..." అని మొదలుపెట్టి, లక్ష్మణమ్మ ముఖం చూసి, ఇంకో దారం తీసుకుంది.