ఒక పక్కే మాడిన అర్చ

“తెల్ల కాగితం ఒకటి పట్రా అమ్మాయ్” అన్నాడు ఎసెంగుల్, సంచి ఇంకా గుమ్మంలోనే ఉండగా.

“ముందు లోపలికి రండి మామయ్యా. గుండె కోసి కుట్టి నలభై రోజులు కాలేదు. దేనికీ కంగారు పడనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు” అంది కోడలు బురుల్. “టీ కూడా చల్లారిపోతోంది.”

“టీ మళ్ళీ కాచుకోవచ్చు. ముందు దీని సంగతి చూడు!”

వాకిట్లో నేలంతా పరుచుకున్న, సూదుల్లాంటి సన్నాకుల అర్చ పొద అది. ముప్పై ఎనిమిది రోజుల కిందట ఆయన బిష్కెక్ ఆస్పత్రికి బయల్దేరినప్పుడు నిగనిగలాడుతూ ఉంది. ఇప్పుడు గుమ్మం వైపు సగం గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే చిటచిటా రాలుతోంది. ఏడేళ్ళ కిందట తమ్ముడు చొరోతో కలిసి కొండ మీంచి వేళ్ళతో సహా పెకలించి తెచ్చిన మొక్క. “ఇది కొండ గాలికి పెరిగింది అన్నా, నీ వాకిట్లో ఏడాది కూడా బతకదు” అని చొరో ఆ రోజే తేల్చేశాడు.

పెళ్ళాం పిల్లల్లేని చొరో ఏటా ఐదు నెలలు కొండమీద గొర్రెలతోనే ఉంటాడు. దిగి వచ్చాక గుమ్మంలో అడిగే మొదటి మాట, అర్చ చచ్చిందా అని. ఇంకో పది రోజుల్లో మంద దిగుతుంది. నలభై ఏళ్ళు అడవి కాపలా కాసినవాడి ఇంట్లోనే అర్చ ఎండితే వాడు చలికాలమంతా చెప్పుకుని చెప్పుకుని నవ్వుతాడు. ఆ నవ్వంటే ఎసెంగుల్‌కి ఒళ్ళు మంట. అది వినకపోతే చలికాలం వచ్చినట్టే ఉండదు, అది వేరే విషయం.

బురుల్ కాగితం తెచ్చింది. ఆయన ఒక రెమ్మని దానిమీదికి వంచి టపటపా తట్టాడు. రాలిన నలుసుల్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

“ఎర్రనల్లి పురుగు కాదు. ఒరేయ్ మంబెత్! నీ కుక్క గానీ వచ్చి ఇక్కడ కాలెత్తిందా?”

కంచె అవతల నిలబడ్డ పొరుగింటి మంబెత్ ఉలిక్కిపడ్డాడు. “ఎత్తే ఉంటుందన్నా. ఇవాళ్టి నుంచి కట్టేస్తాలే.”

ఎసెంగుల్ ఆశ్చర్యపోయాడు. మామూలుగా అయితే మంబెత్ ఆ కుక్కని వెనకేసుకొచ్చి గంటసేపు పోట్లాడతాడు.

“ఏంట్రా, నేను పోతాననుకుని అంత మంచివాడివైపోయావా?”

మంబెత్ నవ్వబోయి, ఏదో పని గుర్తొచ్చినవాడిలా లోపలికి వెళ్ళిపోయాడు.

“కుక్కయితే చారెడు మేర మాడుతుంది, ఇది బారెడుంది. బూజు తెగులైతే ముందు లేతచివుళ్ళు పోతాయి. ఇక్కడ ముదురూ లేతా అన్నీ పోయాయి. నీళ్ళు గానీ ఎక్కువ పోశావా?”

“మీరు చెప్పినట్టు వారానికోసారే పోశాను మామయ్యా. అయినా తప్పు నాదే. కొత్తది తెప్పిస్తాను.”

“కొత్తదైతే చొరో కనిపెట్టలేడా? వాడికి దీని కొమ్మ కొమ్మా తెలుసు. ఇంతకీ ఫోన్ కలిసిందా వాడికి?”

“కొండమీద అందదు కదా.”

“అన్నకి ఆపరేషనంటే ఒక్కసారి కిందికి దిగి చెయ్యొచ్చుగా, మొద్దు వెధవ!”

బురుల్ మొక్కవైపే చూస్తూ, “రేపు వీధి పెద్దలు నలుగురూ మిమ్మల్ని చూడ్డానికి వస్తారట” అంది.

“నన్ను చూడ్డానికేం, కొత్త పెళ్ళికూతుర్నా?”

ఆయన మెల్లిగా మోకాళ్ళమీద కూర్చుని కొమ్మల్ని పక్కకి తీశాడు. కింద మట్టి బూడిదరంగులో పెంకు కట్టి ఉంది. గోటితో గిల్లి, వేళ్ళమధ్య నలిపి వాసన చూశాడు. జారుడుగా ఉంది. తెల్లటి కొవ్వు తునకలు వేలికి అంటుకున్నాయి.

“సబ్బునీళ్ళు” అన్నాడు.

“బట్టలుతికిన నీళ్ళండీ. నేనే మతిలేక పోశాను.”

“బట్టలుతికితే గొర్రె కొవ్వెక్కణ్ణించి వస్తుంది? ఇవి భోజనాలయ్యాక చేతులు కడిగిన నీళ్ళు. నలుగురూ తొక్కేచోట పారబొయ్యకూడదని ఎవరో తెచ్చి దీని మొదట్లో వొంపారు. ఎందుకంత బెదిరిపోతావు? మనవాళ్ళెవరైనా అదే చేస్తారు. కత్తెర పట్రా.”

బురుల్ తెచ్చి ఇచ్చింది.

“చూసి నేర్చుకో. అర్చ ఎండినచోట మళ్ళీ చిగురు వెయ్యదు, పచ్చ తగిలేదాకా కోసెయ్యాలి. ఈ పెంకు తీసి, నాలుగైదు రోజులు మంచినీళ్ళు నెమ్మదిగా వదిలితే సబ్బంతా కిందికి దిగిపోతుంది. రెండేళ్ళలో అవతలి కొమ్మలు పాకి ఈ ఖాళీ కప్పేస్తాయి. చొరో నవ్వితే నవ్వాడు, చావదు.”

ఒక కొమ్మ కోశాడు. రెండోది కోశాడు. మూడోదాని దగ్గర చెయ్యి నెమ్మదించింది.

ఇంట్లో ఉన్నది ఐదుగురు. ఏడాదంతా చేతులు కడిగి పోసినా ఇంత మేర మాడదు. రెండు మూడు వందలమంది ఒక్కచోట కూర్చుని మాంసం తిని ఉండాలి. పెళ్ళో, పురుడో అయితే ఆస్పత్రికి ఫోన్ చేసి మరీ చెప్పేవారు. కొడుకు తనని స్వయంగా కారులో తీసుకొచ్చాడు. మనవలు ఇద్దరూ ఇందాకే గేటు దగ్గర మెడకి చుట్టుకున్నారు.

ఎసెంగుల్ కత్తెర కింద పెట్టాడు. కోడలి మొహంలోకి చూడలేక, చేతికంటిన మట్టిని చాలాసేపు దులుపుకున్నాడు.

“చొరోని ఎక్కడ పూడ్చారు తల్లీ?”