పదిహేనేళ్ళ సాలోమోను

"నీ కొడుకు వయసెంత అని కోర్టుల సారు అడిగితే ఏం చెప్తవ్?" వకీలు చక్రపాణి మళ్ళీ అడిగాడు.

"పదిహేడు" అంది రెబెక్క.

"గదే వద్దంటున్న! పదహారు దాటిందంటే పెద్దోళ్ళ కోర్టు. జైల్ల దొంగల నడుమ పండాలె నీ కొడుకు. పదిహేను అను. వాడు బడికి పోలేదు గద, నీ మాటే సాక్ష్యం. పిల్లల కోర్టు సారు మంచోడు."

"ప్రమాణం చేసి అబద్ధం ఎట్ల ఆడాలె అయ్యా?"

"నీకు కొడుకు కావాల్నా, ప్రమాణం కావాల్నా?"

అరవై తొమ్మిది ఎండాకాలం. ఊరంతా జై తెలంగాణ అంటూ ఉడికిపోతున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు మీద రాళ్ళు పడ్డాయి. వేసినవాళ్ళు సందుల్లో మాయమైపోగా, నోరు తెరుచుకుని చూస్తున్న సాలోమోను, పక్కింటి దశరథ పోలీసులకు దొరికారు. ఇద్దరిదీ ఒకటే ఈడు. పారిపోవాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

దశరథ తల్లి లింగమ్మకు కూడా చక్రపాణి ఇదే ఉపాయం చెప్పాడు. ఆ మొండిమనిషి వింటేనా! "ఉన్న వయసు ఉన్నట్టు చెప్త. దేవుడే చూసుకుంటడు" అంది. దేవుడి సంగతేమోగానీ, పోలీసులు చూసుకున్నారు. దశరథను జైలుకు పంపారు. చేతులారా కన్నకొడుకును జైలుపాలు చేసుకున్న లింగమ్మను తలుచుకుంటే రెబెక్కకు ఒళ్ళు మండిపోయింది.

కోర్టు వరండాలో, తల్లి తెచ్చిన చెడ్డీ చూసి సాలోమోను గింజుకున్నాడు.

"గిదేందమ్మా! జై తెలంగాణ అన్నోన్ని, చెడ్డీ తొడుక్కోవాల్నా?"

"తొడుక్కో బిడ్డా. తెలంగాణ తర్వాత తెచ్చుకుందువు, ముందు ఇంటికి రా."

జవానును బతిమాలి నూగుమీసం కూడా గీయించింది. సైదాబాదులో ఉన్న అక్క కొడుకు చెడ్డీ అది. తొడల దగ్గర పట్టేసిందిగానీ, మొత్తానికి సాలోమోను పసివాడయ్యాడు.

లోపల మేజిస్ట్రేటు రామమోహనరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీవాడు ఏ సంవత్సరం పుట్టాడమ్మా?"

క్షమించమని ప్రభువును మనసులోనే వేడుకుంది రెబెక్క. "ఆంధ్ర, తెలంగాణ కలవంగ రెండేండ్ల ముంగట సారూ."

విడిపోవాలని అరిచినవాడి వయసుకు, కలిసిన ఏడాదే సాక్ష్యం పలికింది. రామమోహనరావు సాలోమోనును ఎగాదిగా చూశాడు. చెడ్డీ చూసి చిన్నగా నవ్వాడు.

"అంటే పదిహేను. భయపడకమ్మా. పెద్దవాళ్ళ మీదయితే కేసు పెడతారు, శిక్ష వేస్తారు. పిల్లల దగ్గర ఆ మాటలే అనకూడదు. కొత్త పద్ధతి ఇది. మీవాడి మీద కేసు లేదు, శిక్షా లేదు."

రెబెక్కకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"వీణ్ణి బాగుచేద్దాం. పద్దెనిమిది నిండేదాకా మా పిల్లల బడిలో ఉంటాడు. తిండి, బట్ట ప్రభుత్వానివే. వడ్రంగం కూడా నేర్పుతారు."

"ఇంటికి పంపరా సారూ?"

"ఇంటికన్నా అక్కడే బాగుంటాడమ్మా."

పద్దెనిమిది నిండాలంటే మూడేళ్ళు. అందులో రెండేళ్ళు తన నోటితో తానే కలిపింది. ఆ లెక్కను రెబెక్క వేళ్ళ మీద మళ్ళీ వేసుకుంది. అయినా జైలు తప్పింది కదా అని సర్దిచెప్పుకుంది. బిడ్డ దొంగల మధ్య కాదు, పంతుళ్ళ మధ్య ఉంటాడు. దారి పొడుగునా అదే అనుకుంటూ నడిచింది. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి లింగమ్మ మీద కోపం పోయి, జాలి మిగిలింది.

లింగమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఊకో లింగమ్మా" అంది రెబెక్క. "ఇయ్యాల గాకుంటే రేపు, నీ కొడుకు గూడ ఒస్తడు."

"ఒచ్చిండు రెబెక్కా! అన్నం తింటున్నడు. సంబరం ఆగక ఏడుస్తున్న." లింగమ్మ ఆమె వెనక్కి తొంగి చూసింది. "గా రాళ్ళ కేసులన్నీ పొద్దుగాల సర్కారు ఎత్తేసింది. అందర్నీ ఇడిచిపెట్టిన్రు. మన సాలోమోను ఏడి?"

ఎత్తేయడానికి సాలోమోను మీద అసలు కేసే లేదు.