నా కిడ్నీ

“ఆగండి డాక్టరుగారూ. సెలైన్ ట్యూబులో చిన్న బుడగ కనబడితే చాలు, నర్సమ్మ వేలితో కొట్టి తరిమేస్తుంది. మీరేమో పనిగట్టుకుని బుడగలు ఎక్కిస్తారా?” వీల్‌చైర్లోంచే చెయ్యి అడ్డం పెట్టింది అక్క.

“ఇవి రక్తకణాలకన్నా చిన్నవమ్మా. స్కానులో మెరుస్తాయి, తర్వాత ఊపిరితో పాటు బయటికి పోతాయి. మీ చెల్లిగారిని ఐసీయూలోంచి కదిలించకుండా, కిడ్నీకి రక్తం అందుతోందో లేదో ఇక్కడే చూసేయొచ్చు.”

అక్క చెయ్యి తీసింది. తనిచ్చిన కిడ్నీ చెల్లి ఒంట్లో చేరి మూడు రోజులైనా చుక్క మూత్రం రాలేదు. “నా కిడ్నీకి ఏ లోపమూ లేదు,” అని అప్పటికే పదిమందితో వాదించింది.

మంచం పక్కన స్కాను తెర నల్లగా ఉంది. అక్క ఊపిరి బిగబట్టింది. ఒక మూల మిణుగురులు లేచినట్టు వెలుగు పుట్టి, చూస్తుండగానే కిడ్నీ అంతా నిండింది.

“రక్తం చక్కగా పారుతోంది. కిడ్నీ నిద్రపోతోంది, అంతే. నాలుగైదు రోజుల్లో అదే లేస్తుంది,” అన్నాడు డాక్టరు.

“అక్కది కదండీ,” చెల్లి నీరసంగా నవ్వింది. “బారెడు పొద్దెక్కితే గాని లేవదు.”

కళ్ళు తుడుచుకుంటూనే అక్క కసిరింది.

“నాదేంటే? ఇక నీదే. నువ్వే లేపుకో.”