జడ పరీక్ష

"జడ విప్పమ్మా," అంది పెళ్లికొడుకు తల్లి బసవమ్మ.

ముహూర్తం ఇంకో గంటలో. సౌజన్య చేతిలో దువ్వెన ఆగిపోయింది. నూజివీడులో బ్యూటీ పార్లర్ నడుపుతోంది తను. చెల్లెలు అనూషకి వేసినంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరికీ జడ వెయ్యలేదు.

"పెళ్లిచూపుల్లోనే చూశారు కదండీ."

"లోపల సవరం పెట్టారేమోనని మా మైలవరంలో అనుకుంటున్నారు. దేన్నైనా సహిస్తాం గానీ మోసాన్ని సహించం. సవరం దొరికిందా, ఇట్నుంచి ఇటే కార్లెక్కుతాం."

పెళ్లిచూపుల నాడు పదిమందిలో అనూష జడ పట్టుకుని, గేదె పలుపు లాగినట్టు లాగిందీవిడ. మగపెళ్లివారు, ఊరుకోమన్నాడు నాన్న. ఇవాళా అదే అన్నాడు.

సౌజన్య పూలన్నీ ఊడదీసింది. బసవమ్మ కుదుళ్ల దాకా వేళ్లు పెట్టి వెతికింది. ఏమీ దొరకలేదు. పొరపాటైందన్న ముక్క లేదు సరికదా, బల్ల మీదున్న హెయిర్ స్ప్రే డబ్బా పట్టుకుపోయింది, తన కొడుక్కీ కాస్త కొట్టాలంటూ.

డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. సౌజన్య ఊపి చూసి పళ్లు కొరికింది.

పెళ్లి మామిడితోటలో. పది దాటేసరికి గాలి లేచింది. పందిరి పక్కన రసాలు టపటపా రాలుతున్నాయి. పీటల దాకా వచ్చేసరికే అనూష ముంగురులు చెదిరిపోయాయి. పెళ్లికూతురా, దిష్టిబొమ్మా అని బసవమ్మ నవ్వింది. పెళ్లికొడుకు ప్రేమ్‌చంద్ క్రాపు మాత్రం అంత గాలికీ చలించలేదు. డబ్బా అంతా అక్కడే ఉంది మరి.

ఇద్దరి మధ్యా తెర పట్టారు. పంతులుగారు జీలకర్ర బెల్లం ముద్దలు చేతుల్లో పెట్టారు.

"పైపైన పెట్టించండి పంతులుగారూ. మావాడికి పొద్దుట్నుంచీ తలనొప్పి," అంది బసవమ్మ.

సౌజన్యకి ఒళ్లు మండిపోయింది. ఆడపిల్ల జడ పలుపులా లాగొచ్చు, వీళ్ల అబ్బాయి నెత్తిన చెయ్యి ఆనకూడదా? చెల్లెలి చెవి దగ్గరికి వంగింది.

"గట్టిగా అదుమవే. ఎవరి మాట చెల్లుతుందో ఇక్కడే తేలాలి."

అనూష అదిమింది. అక్క కోపం, తన కోపం కలిపి అదిమింది. మేళం హోరెత్తింది. అక్షింతలు పడ్డాయి. తెర దించారు.

అనూష చెయ్యి వెనక్కి తీసుకుంది; ప్రేమ్‌చంద్ జుట్టు మొత్తం, ఒక్క వెంట్రుకైనా చెదరకుండా, బెల్లం ముద్దకి అంటుకుని ఆ చేతితో పాటే వచ్చేసింది.