కిరోసిన్ చేతులు

కల్లూరులో వెంకటప్పయ్య అంత పీనాసి ఇంకొకడు లేడు. జీపు బాగుచేయించాలంటే బ్రేకు ఆయిల్ డబ్బా కూడా ఇంటి నుంచే తెస్తాడు. పని కాగానే మిగిలింది మళ్లీ అటకెక్కాల్సిందే.

ఆ రోజు మెకానిక్ బొజ్జయ్య ఇంటికొచ్చి జీపు చూశాడు.

"బ్రేకు రబ్బర్లు అరిగినయ్ సారూ. కొత్తవి ఎయ్యాలె."

"మళ్లీ కొత్తవా? కిరోసిన్‌తో కడిగి అవే వెయ్యరా!"

"అయ్యో, కిరోసిన్ తగలొద్దు సారూ! నానిన శెనగ లెక్క ఉబ్బుతయ్. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడికి రబ్బరు కదలాలె. ఉబ్బిందంటే గొట్టంల ఇరుక్కుంటది. బ్రేకు పడదు, పానం పోతది."

"సరే, ఏడువు. రేపు తెస్తాలే."

మజ్జిగ తెచ్చిన నిర్మలాదేవి గ్లాసు అందించి భర్త వెనక నిలబడింది. ఆమె చెంప కమిలి ఉంది. బొజ్జయ్య చూడనట్టే తాగేశాడు. ఊళ్లో అందరూ అంతే.

మర్నాడు షెడ్డులో కొత్త రబ్బర్లు పడ్డాయి, వెంకటప్పయ్య తెచ్చిన డబ్బాలోని ఆయిల్ బొజ్జయ్య పోశాడు. వారం తిరక్కముందే ఇల్లందు దాటాక అడవి దిగుడులో జీపు ఆగలేదు. వెంకటప్పయ్య అక్కడికక్కడే పోయాడు.

పోలీసులు బ్రేకు విప్పించారు. రబ్బర్లు ఉబ్బిపోయి కిరోసిన్ కంపు. బొజ్జయ్య షెడ్డులో సామాన్లు కడిగే కిరోసిన్ తొట్టి ఉండనే ఉంది. ఇంకేం కావాలి? వెంకటప్పయ్య చుట్టాలు షెడ్డు పీకేశారు. వాణ్ని నెత్తురు కారేలా కొట్టారు. వాడు చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు.

స్టేషన్‌కు నిర్మలాదేవి క్యారియర్‌తో వచ్చింది. బొజ్జయ్య ఆమె కాళ్ల మీద పడి ఏడ్చాడు.

"చేతులు కడుక్కున్ననే అనుకున్న తల్లీ! గా కిరోసిన్ చేతులతోనే రబ్బరు ముట్టిన్నేమో. మీ పుస్తెలు తెంపిన!"

"కావాలని చేశావా బొజ్జయ్యా? నా రాత అట్లా ఉంది. తిను."

కానిస్టేబుల్ కళ్లు తుడుచుకున్నాడు.

కోర్టులోనూ ఆమె అదే చెప్పింది. "పాపం, పొరపాటున జరిగి ఉంటుందయ్యా." బొజ్జయ్య చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాడు. వాణ్ని జైలుకు తీసుకెళుతుంటే "దేవతమ్మా!" అని ఆమె వైపే చూశాడు.

ఇంటికి రాగానే నిర్మలాదేవి అటక మీది బ్రేకు ఆయిల్ డబ్బా దించి మిగిలింది పొయ్యిలో ఒంపింది. తను కలిపిన కిరోసిన్ భగ్గున అంటుకుంది.